సగటు పేషెంటు ఏ మంచం మీద ఉన్నాడు?



మార్చి నెల ముగియగానే ఆసుపత్రులన్నిటిలోనూ ఒక పని మొదలవుతుంది. వార్షిక నివేదిక తయారు కావాలి. ఏడాదిలో ఎంతమంది ఓ.పి.కి వచ్చారు, ఎంతమంది అడ్మిట్ అయ్యారు, ఎన్ని కాన్పులు, ఎన్ని ఆపరేషన్లు జరిగాయి, ఒక్కొక్క పేషెంటు సగటున ఎన్ని రోజులు ఉన్నారు, సగటు బిల్లు ఎంత అయింది, ఇవన్నీ ఒక పట్టికలోకి ఎక్కుతాయి. మొదటి నాలుగింటితో నాకు ఏ పేచీ లేదు. అవి లెక్కపెట్టి రాసేవి. పేచీ అంతా చివరి రెండింటితోనే. ఆ అంకెలు తప్పుగా వేసినవని కాదు. కూడిక, భాగహారం రెండూ సరిగానే ఉంటాయి. అయినా వాటిని చదివినవారి మనసులో వార్డు గురించి ఒక తప్పు బొమ్మ పడుతుంది. ఆ బొమ్మను నమ్మి ఒక కుటుంబం అప్పు చేస్తుంది, ఒక దాత చందా పంపుతాడు, ఒక కమిటీ వచ్చే ఏడాదికి బడ్జెట్ వేస్తుంది. అందుకే ఈ చిన్న సంగతి గురించి కాస్త వివరంగా రాయాలనిపించింది.

పదకొండు మంది లెక్క

ఒక వార్డులో ఒక వారంలో డిశ్చార్జి అయిన పదకొండు మంది ఎన్నెన్ని రోజులు ఉన్నారో చిన్న అంకె నుండి పెద్ద అంకె వరకు రాద్దాం: 2, 2, 3, 3, 3, 4, 4, 5, 6, 9, 47. ఇవి ఏ ఆసుపత్రి లెక్కలూ కావు. చెప్పబోయే సంగతి తేలికగా అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు. కానీ డిశ్చార్జి రిజిస్టరు రాసే సిస్టరు ఎవరికైనా ఈ వరుస కొత్తగా అనిపించదు. జ్వరాలు, వాంతులు, విరేచనాలు రెండు మూడు రోజుల్లో తగ్గి ఇంటికి వెళ్లిపోతారు. న్యుమోనియా అయితే వారం పట్టవచ్చు. ఆ చివరి 47 రోజులు ఒంటికి నిప్పంటుకుని వచ్చిన అమ్మాయివి కావచ్చు, పురుగుమందు తాగి వెంటిలేటరు మీదకు వెళ్లిన యువకుడివి కావచ్చు, పాము కాటుకు కాలి చర్మం అంతా పాడై, తొడ నుండి చర్మం తీసి అతికించవలసి వచ్చిన కూలీవి కావచ్చు.

మొత్తం 88 రోజులు. పదకొండుతో భాగిస్తే సరిగ్గా 8. నివేదికలో “సగటున 8 రోజులు” అని ఎక్కుతుంది. ఇప్పుడు ఆ వరుసను మళ్లీ చూడండి. ఎనిమిది రోజులు ఉన్నవారు ఒక్కరు కూడా లేరు. పదకొండు మందిలో తొమ్మిది మంది అంతకంటే తక్కువ రోజులే ఉన్నారు. ఒకరు ఒక్క రోజు ఎక్కువ, ఇంకొకరు చాలా ఎక్కువ. ఆ చివరి ఒక్కరిని పక్కన పెట్టి చూస్తే మిగిలిన పది మంది సగటు 4.1 రోజులు. అంటే పది మంది గురించి చెప్పవలసిన అంకెను ఒక్క మంచం దాదాపు రెట్టింపు చేసింది.

అదే వరుసలో సరిగ్గా మధ్యన, అటు అయిదుగురు ఇటు అయిదుగురు ఉండేలా నిలబడినది ఆరవ అంకె. అది 4. దీన్నే మధ్యగతం అంటారు, హైస్కూలు లెక్కల పుస్తకంలో అందరం చదువుకున్నదే. పరీక్ష అయిపోగానే చాలామంది మరచిపోయేది కూడా ఇదే. చివరి పేషెంటు 47 రోజులు ఉన్నా, 470 రోజులు ఉన్నా మధ్యగతం నాలుగు దగ్గర నుండి కదలదు. వరుసలో ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదే దానికి కావాలి, ఎంత దూరంలో నిలబడ్డారన్నది అక్కరలేదు. సగటు అలా కాదు, అది తక్కెడ లాంటిది. ఒక చివర బరువు పడితే అటే వాలుతుంది.

మరి సగటు ఎప్పుడూ పనికిరాదా? అలా అనను. నెలలు నిండి పుట్టిన పిల్లల బరువులు తీసుకోండి. ఎక్కువమంది మధ్యలో ఒకచోట గుమికూడి ఉంటారు. మధ్య నుండి తక్కువ వైపుకు వెళ్లినా, ఎక్కువ వైపుకు వెళ్లినా ఇంచుమించు ఒకే తీరుగా సంఖ్య తగ్గుతూ పోతుంది. కాగితం మీద గీస్తే గంటను బోర్లించినట్టు ఉంటుంది. పెద్దవారి ఎత్తు కూడా, ఆడవారిని మగవారిని వేరువేరుగా చూస్తే, ఇంచుమించు ఇలాగే ఉంటుంది. దీన్నే నార్మల్ డిస్ట్రిబ్యూషన్ అంటారు. ఇక్కడ సగటు, మధ్యగతం ఒకేచోట పడతాయి, ఏది చెప్పినా ఒకటే. దానితోపాటు క్రమవిచలనం అనే ఇంకొక అంకె చెబితే బొమ్మ మొత్తం తెలిసిపోతుంది. సగటుకు అటు ఒక క్రమవిచలనం, ఇటు ఒక క్రమవిచలనం లోపల నూటికి 68 మంది, రెండేసి క్రమవిచలనాల లోపల నూటికి 95 మంది ఉంటారు. బెల్జియం దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెటెలే 1835లో రాసిన పుస్తకంలో మనుషుల కొలతలన్నిటినీ సగటు కట్టి “సగటు మనిషి” అనే భావాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ సగటు మనిషి అప్పటి నుండి మన నివేదికలలో తిరుగుతూనే ఉన్నాడు.

చిక్కల్లా ఆ “నార్మల్” అనే మాటతో వచ్చింది. ఆసుపత్రిలో నార్మల్ అంటే ఆరోగ్యంగా ఉన్నట్టు, లేనిది జబ్బు అన్నట్టు. లెక్కల్లో అలా కాదు. అది ఒక ఆకారం పేరు, అంతే. ఆసుపత్రిలో కొలిచే వాటిలో చాలావాటికి ఆ ఆకారం లేకపోవడమే మామూలు. వార్డులో ఉన్న రోజులు, బిల్లు మొత్తం, జబ్బు మొదలైనప్పటి నుండి ఆసుపత్రికి రావడానికి పట్టిన సమయం, రక్తంలో ట్రైగ్లిసరైడ్లు, లివరు ఎంజైములు, క్యాన్సర్ బయటపడిన తరువాత బ్రతికిన కాలం, వీటన్నిటికీ ఒకే పోలిక. ఎడమ వైపు కుప్ప, కుడి వైపు పొడుగాటి తోక.

కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. ఎడమ పక్కన సున్నా అనే గోడ ఉంది. సున్నా కంటే తక్కువ రోజులు ఎవరూ వార్డులో ఉండలేరు. కుడి పక్కన గోడ లేదు. రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. చిన్న చిన్న కారణాలు ఎన్నో ఒకదానికొకటి కూడుకుంటే గంట ఆకారం వస్తుంది. జబ్బులో కష్టాలు కూడుకోవు, గుణించుకుంటాయి. షుగరు ఉన్న మనిషికి కాలి పుండు మానదు. మానక మంచం మీద ఉంటే వీపు మీద పుండు పడుతుంది. దానికి ఇన్ఫెక్షన్ వస్తే మందు మారుతుంది, ఆ మందు కిడ్నీ మీద పడితే డయాలసిస్ దాకా వెళుతుంది. దెబ్బ మీద దెబ్బ అంటామే, అదే ఆ పొడుగాటి తోక.

కూడిక, తీసివేత గుర్తులు

వైద్య పత్రికలలో, నివేదికలలో సగటు పక్కన ఒక గుర్తు ఉంటుంది: పైన కూడిక, కింద తీసివేత. దాని పక్కన క్రమవిచలనం వేస్తారు. మన పదకొండు మందికి క్రమవిచలనం కట్టి చూస్తే 13 రోజులు వస్తుంది. కాబట్టి “8 ± 13 రోజులు” అని రాస్తారు. చూడడానికి శాస్త్రీయంగా ఉంటుంది. ఇప్పుడు ఎనిమిదిలో నుండి పదమూడు తీసివేయండి. మైనస్ 5. అంటే పేషెంటు అడ్మిట్ కావడానికి అయిదు రోజుల ముందే డిశ్చార్జి అయి వెళ్లిపోయాడన్నమాట! కంప్యూటరుకు ఇది వింతగా తోచదు. చదివే మనకు తోచాలి.

ఈ విషయంలో ఎవరైనా వాడుకోదగిన ఒక చిన్న ఉపాయం ఉంది. డగ్లస్ ఆల్ట్‌మన్, మార్టిన్ బ్లాండ్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు 1996లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీన్ని వివరించారు. రోజులు, రూపాయలు, మిల్లీగ్రాముల వంటి సున్నాకు తగ్గని కొలతలలో, సగటు క్రమవిచలనానికి రెట్టింపు కంటే తక్కువగా ఉంటే ఆ లెక్కలు ఒక వైపుకు సాగి ఉన్నాయని అనుమానించవచ్చు. మన ఉదాహరణలో క్రమవిచలనానికి రెట్టింపు 26, సగటు 8. ఇక అనుమానం కూడా అక్కరలేదు. మొత్తం లెక్కలు మన చేతికి రాకపోయినా, అచ్చు వేసిన రెండు అంకెలను చూసి ఈ పని చేయవచ్చు. నివేదిక ఏది చేతికి వచ్చినా నేను ముందు ఈ తీసివేత చేసి చూస్తాను. నర్సింగ్ విద్యార్థులకు కూడా పరిశోధన వ్యాసాలు చదవడం నేర్పేటప్పుడు మొదట నేర్పదగినది ఇదే అని నా ఉద్దేశం.

ల్యాబు రిపోర్టులో రక్త పరీక్ష ఫలితం పక్కన “నార్మల్ రేంజి” అని ఉంటుంది కదా, దాని వెనుక కూడా ఇదే కథ ఉంది. ఆరోగ్యంగా ఉన్నవారిని చాలామందిని పరీక్షించి, నడిమి 95 శాతం మందికి వచ్చిన విలువలను హద్దులుగా పెడతారు. గంట ఆకారం ఉన్న పరీక్షలకు సగటుకు ఇటు అటు రెండు క్రమవిచలనాలు తీసుకుంటే ఆ హద్దులు వచ్చేస్తాయి. ట్రైగ్లిసరైడ్ల వంటి వాటికి అలా చేస్తే కింది హద్దు అర్థం లేనిదిగా వస్తుంది, పై హద్దు కూడా తప్పుతుంది. అందుకని వాటిని వరుసలో పేర్చి కింద రెండున్నర శాతం, పైన రెండున్నర శాతం వదిలి హద్దు కడతారు, లేదా లాగరిథమ్‌లోకి మార్చి లెక్క వేస్తారు. ఏ పద్ధతిలో చేసినా ఆరోగ్యవంతులలో ఇరవై మందికి ఒకరు ఆ హద్దు బయట పడతారు. రిపోర్టులో ఒక అంకె కింద గీత ఉందని రాత్రంతా నిద్రపోని వారికి ఈ మాట చెప్పవలసిందే.

బిల్లు కౌంటరు దగ్గర

ఇక అసలు సంగతికి వస్తాను. అడ్మిషన్ సమయంలో బంధువులు అడిగేవి రెండే ప్రశ్నలు. “ఎన్ని రోజులు పడుతుందండీ?” “ఎంత అవుతుందండీ?” ఆ రెండు జవాబుల మీదే మిగతావన్నీ ఆధారపడి ఉంటాయి. ఇంటి దగ్గర పిల్లలను, గేదెను ఎవరికి అప్పగించాలి, కూలి ఎన్ని రోజులు పోతుంది, వడ్డీకి ఎంత తేవాలి, చెవి కమ్మలు తాకట్టు పెట్టాలా అమ్మాలా. “సగటున ఎనిమిది రోజులండీ” అని చెబితే ఎనిమిది రోజులకు సరిపడా అప్పు తెస్తారు. ఎనిమిది రోజులు నిండకముందే ఇంటికి వెళ్లిపోయే తొమ్మిది కుటుంబాలు అవసరానికి మించి వడ్డీ మోస్తాయి. ఆ చివరి కుటుంబానికి ఎనిమిదవ రోజున డబ్బు అయిపోతుంది, ఇంకా ముప్పై తొమ్మిది రోజులు మిగిలే ఉంటాయి. ఒకే అంకె ఇద్దరినీ మోసం చేసింది, అబద్ధం ఆడకుండానే.

దానికి బదులు ఇలా చెప్పవచ్చు: “ఇలాంటి జబ్బుతో వచ్చినవారిలో సగం మంది నాలుగు రోజుల్లో వెళ్లిపోతారు. నలుగురిలో ముగ్గురు ఆరు రోజుల లోపే వెళతారు. ఎప్పుడో ఒకరికి వారాల తరబడి పట్టవచ్చు. మీ నాన్నగారి సంగతి మూడవ రోజున చూసి మళ్లీ చెబుతాం.” ఇందులో లెక్కల శాస్త్రం అంతా ఉంది, లెక్కల మాట ఒక్కటీ లేదు. చదువు రాని ముసలమ్మకు కూడా ఇది అర్థమవుతుంది. “సగటు” అనే మాట మాత్రం చదువుకున్న వారికి కూడా సరిగా అర్థం కాదని నా అనుభవం. చాలామందికి సగటు అంటే “అందరికీ ఇంచుమించు ఇంతే” అని వినిపిస్తుంది.

దేశం మొత్తానికి కట్టే లెక్కలదీ ఇదే దారి. కేంద్ర ప్రభుత్వ జాతీయ నమూనా సర్వే 2017-18లో ఆసుపత్రి ఖర్చుల గురించి ఇంటింటా అడిగి, కాన్పులు కాకుండా ఒక్కొక్క అడ్మిషనుకు ప్రభుత్వ ఆసుపత్రిలో సగటున 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు ఖర్చయిందని తేల్చింది. రెండింటి మధ్య తేడా ఎంత పెద్దదో తెలుసుకోవడానికి ఈ అంకెలు బాగా పనికివస్తాయి. కానీ ఒక కుటుంబం తన బిల్లును పక్కన పెట్టి పోల్చుకోవడానికి పనికిరావు. ఆసుపత్రి బిల్లులలో ఎప్పుడూ తోక కుడి వైపుకే ఉంటుంది. కాబట్టి సగటు కంటే తక్కువ కట్టినవారే ఎక్కువమంది ఉంటారు. ఇల్లు అమ్ముకున్నవారు ఆ సగటులో కరిగిపోయి కనబడకుండా ఉంటారు.

మధ్యగతం సర్వరోగ నివారిణి కాదు

ఇంతవరకు చదివి, “అయితే ఇక సగటు తీసేసి మధ్యగతం వేద్దాం” అని మన రికార్డు విభాగంవారు అనుకుంటే, ఆగమంటాను. అలా చేసినా చిక్కే. ఇదే పోలికతో ఏడాదికి 1,100 మంది పేషెంట్లు వస్తారనుకుందాం. ఎన్ని మంచం-రోజులకు భోజనం, మందులు, నర్సులు కావాలి? సగటు 8తో గుణిస్తే 8,800. అదే సరైన జవాబు. మధ్యగతం 4తో గుణిస్తే 4,400 వస్తుంది. దాన్ని నమ్మి బడ్జెట్ వేస్తే ఆరు నెలలకే బియ్యం నిండుకుంటుంది. మొత్తం ఎంత అని అడిగే కోశాధికారికి సగటే కావాలి. నాకు ఎంత అని అడిగే పేషెంటుకు మధ్యగతం, దానితోపాటు ఎక్కువ తక్కువలు కావాలి. ఎవరు అడుగుతున్నారో చూడకుండా ఏ అంకె మంచిది అని వాదించడం దండగ.

ఇంకొక సంగతి చూడండి. 88 రోజులలో 47 రోజులు ఒక్క పేషెంటువే. అంటే సగం కంటే ఎక్కువ మంచం-రోజులు. పదకొండు మందిలో ఒకరు, వార్డు పనిలో సగానికి పైగా! మధ్యగతం ఒక్కటే అచ్చు వేస్తే ఈ మనిషి నివేదికలో నుండి పూర్తిగా మాయమైపోతాడు. రాత్రి డ్యూటీ సిస్టరు ఎందుకు అలసిపోతోందో కమిటీకి అర్థం కాదు. మిషన్ ఆసుపత్రులలో పేదల కోసం పెట్టే సహాయ నిధి ఎక్కువ భాగం ఎవరి కోసం ఖర్చవుతుందో ఆలోచించండి. నాలుగు రోజుల జ్వరం పేషెంటు ఎలాగో సర్దుకుని కట్టేస్తాడు. నిధి అవసరమయ్యేది తోకలో ఉన్నవారికే. ఆ నిధికి ఎంత కావాలో సగటు బిల్లు చూసి నిర్ణయించడం కంటే పెద్ద పొరపాటు లేదని నా అభిప్రాయం.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలలో చికిత్సకు ఇంత అని ప్యాకేజీ ధర ఉంటుంది. చాలామంది పేషెంట్ల మీద చూస్తే ఎక్కువ తక్కువలు సరిపోతాయన్నది దాని వెనుక ఆలోచన. పెద్ద ఆసుపత్రికి సరిపోవచ్చు. ఏడాదికి కొద్దిమందికే ఆ ఆపరేషను చేసే చిన్న ఆసుపత్రికి, అందులోనూ ఇతరులు వద్దన్న కష్టమైన కేసులు వచ్చే ఆసుపత్రికి, ఒక్క పొడుగాటి కేసు చాలు, ఆ ఏడాది లెక్క తలకిందులు కావడానికి.

మరికొందరు ఇంకొక దారి పడతారు. 47 “అసాధారణం” కాబట్టి లెక్కలో నుండి కొట్టివేస్తారు. కేస్ షీటు తీసి చూడకుండా అలా కొట్టివేయకూడదు. 4 రాయబోయి 47 రాశారేమో, డిశ్చార్జి తేదీలో నెల తప్పు పడిందేమో చూడాలి. తప్పయితే దిద్దాలి. తప్పు కాకపోతే ఆ అంకె అక్కడ ఉండవలసిందే. లెక్క అందంగా లేదని మనిషిని తీసివేయకూడదు.

అసలు ఏ ఒక్క నడిమి అంకే పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ యువకులలో ఒకసారి, వృద్ధులలో మరొకసారి ఎక్కువగా కనిపిస్తుంది. ఒంటె వీపు మీద రెండు మూపురాలు ఉన్నట్టు. దానికి సగటు వయసు కడితే రెండు మూపురాల మధ్య పల్లంలో పడుతుంది, ఆ వయసులో ఆ జబ్బు తక్కువ. పక్షవాతం వచ్చినవారు ఆసుపత్రికి చేరడానికి సగటున ఎంత సమయం పట్టింది అన్నది కూడా అటువంటి ప్రశ్నే. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. కాబట్టి నూటికి ఎంతమంది ఆ లోపల వచ్చారు అని అడగాలి. సగటు ఎంతయినా ఒకటే, మధ్యగతం ఎంతయినా ఒకటే.

తోక చూసి నిర్ణయించినవి

2020 మార్చిలో కరోనా మన దేశంలో వ్యాపిస్తున్నప్పుడు, వైరస్ సోకిన తరువాత లక్షణాలు ఎన్ని రోజులకు బయటపడతాయి అన్న లెక్క ఒకటి అమెరికా పరిశోధకులు ప్రచురించారు. మధ్యగతం 5.1 రోజులు. ఆ అంకెను మాత్రమే చూసి ఉంటే అయిదారు రోజులు విడిగా ఉంచితే చాలు అనుకునేవారు, సగానికి సగం మంది లక్షణాలు రాకముందే ఊళ్లో కలిసిపోయేవారు. వారు తోకను కూడా కొలిచారు. లక్షణాలు వచ్చేవారిలో నూటికి 97.5 మందికి 11.5 రోజుల లోపు వస్తాయని, 14 రోజుల తరువాత వచ్చేవారు పదివేలకు సుమారు 101 మంది ఉంటారని తేలింది. అప్పటికే అమలులో ఉన్న పద్నాలుగు రోజుల క్వారంటైన్‌కు అలా ఆధారం దొరికింది. ఊరి బడిలో పద్నాలుగు రోజులు గడిపి విసిగిపోయినవారు చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది విషయంలో మొదటి వారమే సరిపోయేది, నిజమే. ఆ మిగతా వారం తోక కోసం.

కుక్క కాటు సంగతి దీనికంటే బాధాకరమైనది. రేబిస్ లక్షణాలు బయటపడడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. కానీ వారంలోనూ రావచ్చు, ఏడాదికీ రావచ్చు. లక్షణాలు వచ్చాక బ్రతికించడం దాదాపు అసాధ్యం. “కరిచి నాలుగు నెలలయింది, ఏమీ కాలేదు, ఇక భయం లేదు” అనేవారికి ఎడమ కుప్ప ఒక్కటే కనిపిస్తోందన్నమాట. ఎంత ఆలస్యంగా వచ్చినా టీకాలు మొదలుపెట్టవలసిందే. ఈ ఒక్క మాట గ్రామాల్లో తిరిగే మన కార్యకర్తలు ప్రతి ఇంట్లో చెప్పాలి.

క్యాన్సర్ విషయంలో ఇటువంటి లెక్క ఒక మనిషికి ఎలా ఉపయోగపడిందో స్టీఫెన్ జే గూల్డ్ జీవితంలో చూడవచ్చు. ఆయన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో శిలాజాలను పరిశోధించిన శాస్త్రవేత్త. 1982 జూలైలో, నలభై ఏళ్ల వయసులో, ఆయన పొట్టలో మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ బయటపడింది. వైద్య గ్రంథాలయానికి వెళ్లి వెతికితే, బయటపడిన తరువాత బ్రతికే కాలపు మధ్యగతం ఎనిమిది నెలలు అని ఉంది. మనలో ఎవరైనా దాన్ని “ఎనిమిది నెలల్లో పోతాను” అని చదువుకుంటాం. గూల్డ్‌కు లెక్కలు తెలుసు. సగం మంది ఎనిమిది నెలల లోపు పోతారంటే, మిగిలిన సగం ఆ తరువాత కూడా ఉంటారు. ఎడమ వైపు సున్నాకు ఎనిమిదికి మధ్య ఇరుకు, కుడి వైపు ఎంత దూరమైనా పోవచ్చు. తన వయసు తక్కువ, జబ్బు త్వరగా బయటపడింది, మంచి వైద్యం అందుతోంది కాబట్టి తాను ఆ తోకలో ఉండే అవకాశం ఉందని లెక్కవేసుకున్నాడు. 1985లో దీని గురించి డిస్కవర్ పత్రికలో వ్యాసం రాశాడు. ఆ తరువాత చాలా ఏళ్లు బ్రతికి 2002లో వేరొక క్యాన్సర్‌తో మరణించాడు.

ఈ కథను పేషెంట్లకు చెప్పేటప్పుడు జాగ్రత్త అవసరం. ఆ లెక్కలోని సగం మంది నిజంగానే ఎనిమిది నెలల లోపు పోయారు. “గూల్డ్ ఇరవై ఏళ్లు బ్రతికాడు, మీరూ బ్రతుకుతారు” అని చెప్పడం ధైర్యం చెప్పడం కాదు, ఇంకొక విధంగా ఒకే అంకెను పట్టుకు వేలాడడమే. ఒక మనిషి మిగిలిన నెలల్లో కూతురి పెళ్లి చేయాలా, పొలం కాగితాలు కొడుకు పేర రాయాలా అని ఆలోచించుకోవాలి. అతనికి రెండు వైపులా చెప్పాలి. తక్కువ పట్టవచ్చు, సిద్ధంగా ఉండండి. ఎక్కువ కూడా పట్టవచ్చు, వైద్యం మానవద్దు. డాక్టరుగారు అయిదు నిమిషాలు కూర్చుని చెప్పవలసిన మాట ఇది. ఓ.పి. చీటీ మీద రాసి ఇచ్చే అంకె కాదు.

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేరు ఏమీ అక్కరలేదు. డిశ్చార్జి రిజిస్టరు, ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిలు చాలు. నెలాఖరున రోజులను చిన్న నుండి పెద్దకు వరుసగా రాసి, మధ్యకు లెక్కపెట్టి గీత పెట్టండి. కింది సగానికి మధ్యన ఒక గీత, పై సగానికి మధ్యన ఒక గీత పెట్టండి. మన ఉదాహరణలో ఆ గీతలు 3, 4, 6 దగ్గర పడతాయి. వీటిని చతుర్థాంశాలు అంటారు. పేరు గుర్తు లేకపోయినా నష్టం లేదు. “మధ్యగతం 4 రోజులు, సగం మంది 3 నుండి 6 రోజుల వరకు, అందరికంటే ఎక్కువ 47 రోజులు, మొత్తం 88 రోజులు” అని ఒక్క వరుసలో రాస్తే పేషెంటుకు, కోశాధికారికి, దాతకు ఎవరికి కావలసింది వారికి దొరుకుతుంది. సగటు కూడా పక్కన ఉంటే ఉండనివ్వండి, ఒంటరిగా మాత్రం వద్దు.

ఈ ఏడాది నివేదికకు లెక్కలు పంపే విభాగాలవారు ఈ వరుసను వార్డుల వారీగా పంపితే బాగుంటుంది. బిల్లులకు కూడా ఇలాగే చేయవచ్చు. అలాగే ముప్పై రోజులు దాటి ఉన్న పేషెంట్లందరి కేస్ షీట్లు, సోషల్ వర్కరు రాసిన కాగితాలతో కలిపి, సహాయ నిధి కమిటీ కూర్చునే రోజున బల్ల మీద పెట్టాలని కోరుతున్నాను. వారు ఎక్కువమంది ఉండరు. ఒక్క పూటలో చదివేయవచ్చు.